పిల్లికూతలు, గుండె దడ

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తే నాన్న కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. చెయ్యి వణుకుతోంది. "ఏంటి నాన్నా ఇది" అంటే, "వయసురా, ఏముంది" అన్నాడు. దడగా కూడా ఉంటోందని అమ్మ చెప్పింది. ఊళ్ళో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళి మాత్రలు తెచ్చుకున్నాడట. రోజుకి రెండు. వణుకు తగ్గింది, దడ తగ్గింది. అందరం సంతోషించాం.

వారం తిరక్కుండా పిల్లికూతలు మొదలు. నాన్నకి ఉబ్బసం ఉంది. చిన్నప్పటి నుంచీ కాదు, నలభై దాటాక పట్టుకుంది. భోగి మంటల పొగ అనుకున్నాం, మంచు అనుకున్నాం. ఇన్‌హేలర్ కొట్టుకుంటే ఎప్పుడూ రెండు నిమిషాల్లో సర్దుకునే మనిషికి ఈసారి ఎన్నిసార్లు కొట్టుకున్నా ఊపిరి అందలేదు. అర్ధరాత్రి ఆటోలో తీసుకెళ్ళి నెబ్యులైజర్ పెట్టించాం. అక్కడ డ్యూటీలో ఉన్న ఛాతీ డాక్టరు నాన్న జేబులోని మాత్రల స్ట్రిప్ తీసి, వెనక్కి తిప్పి చదివి, "ఇది ఎవరిచ్చారండీ?" అన్నాడు. ప్రొప్రనలాల్.

జరిగింది ఇదీ. నాన్న ఉబ్బసానికి అసలు మందు మానేసి, ఆ నీలం ఇన్‌హేలర్ ఒక్కటే రోజుకి పదిసార్లు కొట్టుకుంటున్నాడు. అందులోని సాల్బ్యుటమాల్ ఎక్కువైతే చెయ్యి వణుకుతుంది, గుండె దడదడలాడుతుంది. ఆ దడకి రాసిన మాత్ర ఊపిరి గొట్టాలని బిగించేసింది. పైగా ఇన్‌హేలర్ పనిచేసే చోటుకే తాళం వేసేసింది. మన భాషలో చెప్పాలంటే సిసలైన డెడ్‌లాక్. ఉబ్బసం ఉందా అని ఆ మొదటి డాక్టరు అడగలేదు, ఈయన చెప్పలేదు. "దడకి వెళ్ళినవాణ్ణి, ఆయాసం గోల ఎందుకని..." అన్నాడు తర్వాత.

మర్నాడు ఛాతీ డాక్టరు ఇంకో మాట అన్నాడు. "పెద్దయ్యాక వచ్చిన ఆస్తమా కదా, ఒకసారి గుండె కూడా చూపించుకోండి. ఈసీజీ, ఎకో, కొలెస్ట్రాల్." ఆయన వెళ్ళాక నాన్న నన్ను చూసి, "ఊపిరికీ గుండెకీ ఏం సంబంధంరా?" అన్నాడు. ఇంజనీరింగ్ చదివినవాడికి తెలుస్తుందని ఆయన నమ్మకం. నాకేం తెలుసు :) అప్పటి నుంచి వీలైనప్పుడల్లా చదువుతూ ఉన్నాను. చదివేకొద్దీ అర్థమైంది ఏంటంటే, మా ఇంట్లో వారం రోజుల్లో జరిగిన తికమక వైద్యంలో మూడొందల ఏళ్ళుగా నడుస్తూనే ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ఇంగ్లండులో లిచ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో. అక్కడ జాన్ ఫ్లోయర్ అని ఒక డాక్టరు ఉండేవాడు. ఆయనకే ఉబ్బసం. ఏళ్ళ తరబడి తన ఆయాసాన్ని తనే గమనించుకుంటూ 1698లో ఆస్తమా మీద ఒక పుస్తకం రాశాడు. ఎండుగడ్డి దుమ్ము, పొగ, వాతావరణం మారడం, తిండి, ఏది పడితే ఎలా వస్తుందో చూసుకుని రాశాడు. అంతకు ముందు రెండు వేల ఏళ్ళు 'ఆస్తమా' అంటే గ్రీకులో ఒగర్చడం, అంతే. ఏ కారణంతో ఆయాసం వచ్చినా అదే పేరు. (మన 'ఆయాసం' కూడా అంతేగా. మెట్లెక్కినా ఆయాసమే, ఉబ్బసమైనా ఆయాసమే, గుండె బలహీనమైనా ఆయాసమే.)

ఇక్కడ నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటుంది. ఇదే ఫ్లోయర్ 1707లో నాడి మీద ఇంకో పుస్తకం రాశాడు. నాడిని చేత్తో పట్టుకుని 'వేగంగా ఉంది, మందంగా ఉంది' అనడం ఆయనకి నచ్చలేదు, లెక్కపెట్టాలన్నాడు. అందుకోసం సరిగ్గా ఒక్క నిమిషం నడిచి ఆగిపోయే గడియారం ఒకటి చేయించుకున్నాడు. ఇవాళ మన చేతికున్న స్మార్ట్ వాచీ గుండె వేగం చూపిస్తోందంటే, ఆ ఆలోచనకి మూలపురుషుల్లో ఒకడు ఒక ఉబ్బసం రోగి. ఊపిరినీ గుండెనీ ఒకే మనిషి పట్టుకుని కూర్చున్నాడు, కానీ రెండు వేరువేరు పుస్తకాల్లో.

ఆ ఊళ్ళోనే 1709లో శామ్యూల్ జాన్సన్ పుట్టాడు. ఇంగ్లీషుకి నిఘంటువు రాసిన మహానుభావుడు, మనకి బ్రౌన్ దొర లాగా. పసివాడిగా ఉన్నప్పుడు మెడలో గడ్డలు వస్తే, రాణి చేత తాకిస్తే నయమవుతుందని సలహా ఇచ్చింది ఈ ఫ్లోయర్ గారే. (నిమిషం గడియారం చేయించిన మనిషి నోటి నుంచి ఆ సలహా! మనుషులు అంతే.) రాణి తాకింది, నయం కాలేదు.

డెబ్భై దాటాక జాన్సన్‌కి ఉబ్బసం ముదిరింది. 1783 జూన్‌లో పక్షవాతం వచ్చి కొన్నాళ్ళు మాట పడిపోయింది. మంచం మీద పడుకోలేక కుర్చీలో కూర్చుని రాత్రుళ్ళు వెళ్ళబుచ్చేవాడు. ఆ మరుసటి ఏడు కాళ్ళకి నీరు దిగింది. 1784లో సొంత ఊరు వెళ్ళినప్పుడు అక్కడి చర్చి గ్రంథాలయం నుంచి ఫ్లోయర్ ఆస్తమా పుస్తకం అరువు తెచ్చుకుని చదివాడు. మనం రాత్రి రెండింటికి గూగుల్ చేసినట్టే. ఆ డిసెంబరు 13న పోయాడు. పోయేరోజు, డాక్టర్లు మరీ సుతారంగా గాట్లు పెడుతున్నారని, కాళ్ళలో నీరు పోవాలని తనే కత్తి తీసుకుని పొడుచుకున్నాడు.

ఆయన్ని చూసిన డాక్టర్లలో ఒకడు విలియం హెబర్డెన్. ఇప్పుడు మనం యాంజైనా అంటున్న గుండెనొప్పిని స్పష్టంగా వర్ణించి ఆ పేరు పెట్టింది ఆయనే. 1768లో ప్రసంగంగా చెప్పాడు, 1772లో అచ్చయింది. అందులో పనిగట్టుకుని ఒక మాటన్నాడు: ఈ జబ్బు మొదట్లో రోగికి ఆయాసం ఉండదు, ఇది ఆయాసం కంటే పూర్తిగా వేరు అని. ఆ రోజుకి అది అవసరమైన మాటే. అన్నీ కలగలిసిపోయిన చోట గీత గీయడం పెద్ద పని. అలాంటి హెబర్డెన్ సమక్షంలోనే జాన్సన్ శరీరాన్ని కోసి చూశారు. ఊపిరితిత్తులు ఉబ్బి, ఛాతీ తెరిచినా ముడుచుకోలేదు. గుండె మామూలు కంటే బాగా పెద్దది. బృహద్ధమని కవాటాలు గట్టిపడటం మొదలైంది. ఇవాళ్టి డాక్టర్లయితే అది ఒక్క ఉబ్బసం కాదు, ఎంఫిసీమా, రక్తపోటు, హార్ట్ ఫెయిల్యూర్ అన్నీ కలిసి ఉన్నాయంటారు. బతికున్నన్నాళ్ళూ ఆయన మాత్రం అంతటికీ ఆస్తమా అనే పేరే ఎక్కువగా వాడుకున్నాడు.

ఆ తర్వాత గీతలు గట్టిపడ్డాయి. 1830ల్లో జేమ్స్ హోప్ అనే లండన్ డాక్టరు 'కార్డియాక్ ఆస్తమా' అన్నాడు. గుండె ఎడమవైపు సరిగా తోడలేకపోతే రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది. రాత్రి పడుకున్న గంటకో రెండు గంటలకో ఉక్కిరిబిక్కిరై లేస్తారు, అచ్చం పిల్లికూతలే వినిపిస్తాయి. పేరులో ఆస్తమా ఉంది కానీ జబ్బు గుండెది. ఈ తేడా ఇప్పటికీ ప్రాణాలు తీస్తూనే ఉంది. ఉబ్బసం ఉన్న మనిషి గుండె జబ్బుతో ఆయాసపడుతూ 'నాకిది మామూలే' అని ఇన్‌హేలర్ కొట్టుకుని పడుకుంటాడు.

సరే, జబ్బుల్ని విడదీశారు. మందుల్ని విడదీయడం మాత్రం చేతకాలేదు. అసలు కథ ఇక్కడుంది.

అన్నట్టు, ఈ మందుల కథలో ఒక ముక్క మన పక్కనే జరిగింది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ పెద్ద వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ ఉమ్మెత్తని చుట్టలా కాల్చి పొగ పీల్చేవాడు, ఉబ్బసానికి. ఆ కిటుకు ఇక్కడి వాళ్ళదే. ఆయన చెప్పగా జనరల్ జెంట్ అనే సైన్యాధికారి 1802లో దాన్ని బ్రిటన్‌కి తీసుకెళ్ళాడు. తర్వాత వందేళ్ళ పైన యూరప్ అంతా ఉమ్మెత్త సిగరెట్లు ఉబ్బసం మందుగా అమ్ముడయ్యాయి. అందులోని అట్రోపిన్ ఊపిరి గొట్టాల్ని వదులు చేస్తుంది, నిజమే. గుండెని కూడా పరిగెత్తిస్తుంది. నోరు ఎండుతుంది, ఎక్కువైతే మతి చెదురుతుంది (ఉమ్మెత్తకాయ తిన్నవాడి సంగతి మన పల్లెల్లో చెప్పక్కర్లేదు). దాన్ని మచ్చిక చేసి చేసి తయారుచేసిన వారసులే ఇవాళ్టి ఇప్రట్రోపియం, టయోట్రోపియం. ఆ రాత్రి నాన్న నెబ్యులైజర్‌లో పోసిన దాంట్లో ఇప్రట్రోపియం ఉంది. అంటే మద్రాసు ఉమ్మెత్త మనవడు మా నాన్నకి ఊపిరి పోశాడన్నమాట.

థియోఫిలిన్‌ది కూడా ఇదే వరస. 1888లో టీ ఆకులో దొరికింది, 1922లో ఉబ్బసానికి వాడారు. మన ఇళ్ళలో డెరిఫిల్లిన్ పేరు వినని వాళ్ళు తక్కువ. డోసు కాస్త తక్కువైతే పనిచెయ్యదు, కాస్త ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది.

ఇక అసలు హీరో, విలన్ రెండూ అయినది అడ్రినలిన్. 1894లో ఆలివర్, షేఫర్ అనే ఇద్దరు అడ్రినల్ గ్రంథి రసం ఎక్కిస్తే రక్తపోటు ఎగబాకుతుందని చూపించారు. 1900-01లో జపాన్ శాస్త్రవేత్త తకమినే దాన్ని స్ఫటికాలుగా విడదీశాడు. 1903లో న్యూయార్క్‌లో బుల్లోవా, కప్లాన్ అనే డాక్టర్లు ఆ ఇంజెక్షన్ చేస్తే ఉబ్బసం రోగి నిమిషాల్లో తేరుకోవడం చూశారు. అంటే పుట్టినప్పుడు అది గుండె మందు, పదేళ్ళు తిరక్కముందే ఊపిరి మందు.

రెండు చోట్లా ఎలా పనిచేస్తోంది? జవాబు 1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ అనే అమెరికన్ చెప్పాడు. అడ్రినలిన్ వెళ్ళి అతుక్కునే గ్రాహకాలు రెండు రకాలని, వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. గుండెని పరిగెత్తించేదీ బీటాయే, ఊపిరి గొట్టాల్ని వదులు చేసేదీ బీటాయే. ఒకే ఇంటర్‌ఫేస్, రెండు ఇంప్లిమెంటేషన్లు. ఈ పేపర్ని ఒక పత్రిక తిప్పి కొట్టింది, ఇంకోటి వేసుకుంది. వేసుకున్నాక కూడా చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకోకపోవడానికి ఖరీదు పడింది. అప్పటికే ఐసోప్రెనలిన్ వచ్చింది. ఆల్ఫా జోలికి పోదు, బీటాలన్నిటినీ వాయిస్తుంది. 1955లో అమెరికాలో రైకర్ కంపెనీ పెద్ద జార్జ్ మేసన్‌ని 13 ఏళ్ళ కూతురు అడిగింది, నా ఆస్తమా మందు కూడా హెయిర్ స్ప్రే లాగా డబ్బాలో ఎందుకు రాదని. 1956కల్లా మొదటి జేబు ఇన్‌హేలర్ అమ్మకానికి వచ్చేసింది. అంత చక్కటి యూజర్ రిక్వైర్‌మెంట్, అంత తొందరగా డెలివరీ, నేను నా ఉద్యోగంలో చూడలేదు.

1960 తర్వాత ఇంగ్లండ్, వేల్స్‌లో ఉబ్బసం చావులు పెరగడం మొదలైంది. పసివాళ్ళూ ముసలివాళ్ళూ కాదు, ఐదు నుంచి ముప్ఫై నాలుగేళ్ళ మధ్య వాళ్ళు. పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్లో ఏడేళ్ళలో దాదాపు 8 రెట్లు. స్పైజర్, హీఫ్, వాళ్ళతో పాటు సిగరెట్టుకీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ముడి తేల్చిన రిచర్డ్ డాల్, ముగ్గురూ 1968లో లెక్కలన్నీ తిరగేశారు. జబ్బు పెరగలేదు, రోగ నిర్ధారణ మారలేదు. మారింది మందు. ఐసోప్రెనలిన్ స్ప్రే వాడకం పెరిగిన చోటే చావులు పెరిగాయి. 1967లో హెచ్చరిక, 1968 చివర్లో చీటీ లేకుండా అమ్మకం బంద్. చావులు దిగొచ్చాయి. 1972లో పాల్ స్టాలీ అనే అమెరికన్ ఇంకో ముడి విప్పాడు. 'ఫోర్టే' అనే ఐదు రెట్లు గాఢమైన స్ప్రే అమ్మిన దేశాల్లోనే ఈ ఉప్పెన ఎక్కువగా వచ్చింది. అమెరికాలో దానికి అనుమతి లేదు, అక్కడ రాలేదు.

ఎందుకు చనిపోయారన్న దాని మీద వాదన ఇంకా ఆగలేదు. ఆక్సిజన్ తగ్గి విలవిల్లాడుతున్న గుండెని మందు కొరడాతో కొట్టింది అంటారు కొందరు. కాదు, స్ప్రే ఉందన్న ధీమాతో ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్ళారు అంటారు ఇంకొందరు. నాకైతే రెండూ నిజమేననిపిస్తుంది. మా నాన్న రెండు పనులూ చేశాడు కదా.

అదే సమయంలో అదే దేశంలో, ఇంకో మనిషి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వస్తున్నాడు. స్కాట్లండ్‌వాడు జేమ్స్ బ్లాక్. వాళ్ళ నాన్న చిన్న కారు ప్రమాదం జరిగాక ఆ ఒత్తిడిలో గుండెపోటుతో పోయాడు. గుండెకి ఆక్సిజన్ ఎక్కువ అందించడం కాదు, గుండె అడిగే ఆక్సిజన్ తగ్గిద్దాం అనుకున్నాడు బ్లాక్. ఆల్‌క్విస్ట్ పేపర్ చదివాడు. బీటాకి తాళం వేసే మందు కోసం వెతికి, 1964కి ప్రొప్రనలాల్ తెచ్చాడు. లక్షల మంది గుండె రోగులకి ప్రాణదానం. 1988లో నోబెల్. కానీ బీటాకి తాళం వేస్తే గుండె దగ్గరే కాదు, ఊపిరి గొట్టాల దగ్గర కూడా పడుతుంది. ప్రొప్రనలాల్ ఇస్తే ఉబ్బసం రోగులకి ఊపిరి బిగుస్తుందని ఆ 1964లోనే లాన్సెట్‌లో వచ్చేసింది.

అంటే ఊపిరి కోసం చేసిన మందు గుండెని కొట్టింది, గుండె కోసం చేసిన మందు ఊపిరిని పట్టింది. ఒక మాడ్యూల్‌లో బగ్ ఫిక్స్ చేస్తే ఇంకో మాడ్యూల్ పగలడం మనకి కొత్తేం కాదు. ఇక్కడ రోల్‌బ్యాక్ ఉండదు, అదే తేడా.

1967లో లాండ్స్ బృందం బీటాని కూడా రెండుగా చీల్చింది. గుండెలో ఎక్కువ బీటా-1, ఊపిరి గొట్టాల్లో ఎక్కువ బీటా-2. బీటా-2కి సరిపడేలా డేవిడ్ జాక్ బృందం చేసిన సాల్బ్యుటమాల్ 1969లో బ్రిటన్ మార్కెట్లోకి వచ్చింది. మన దగ్గర ఆస్థాలిన్ అంటారు. సమస్య తీరిందనుకున్నారు. 'ఎక్కువ' అన్నానే గానీ 'మొత్తం' అనలేదు చూడండి. గుండెలోనూ బీటా-2 ఉంది. 1976 నుంచి న్యూజిలాండ్‌లో ఉబ్బసం చావుల రెండో ఉప్పెన. క్రేన్, పియర్స్, బీస్లీ అనే ముగ్గురు అక్కడి పరిశోధకులు 1989లో ఫెనోటెరాల్ అనే ఇన్‌హేలర్ వైపు వేలు చూపించారు. 1990లో దాన్ని కట్టడి చేశాక చావులు పడిపోయాయి. ఆ మధ్యలో వాళ్ళు ఎన్ని తిట్లు తిన్నారో పియర్స్ తర్వాత ఒక పుస్తకమే రాశాడు.

గుండె మందుల వైపు కూడా అంతే. గ్లాకోమాకి కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు ఒక రకం బీటా తాళమే. 1978లో వచ్చాయి. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలిసి, ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరి ప్రాణం మీదకి తెచ్చింది. గుండె రోగులందరి జేబులో ఉండే ఆస్ప్రిన్ కూడా, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళలో కొద్దిమందికి పడదు.

ఇదంతా మందుల గొడవ. ఛాతీ డాక్టరు అన్నది అది కాదు కదా, ఉబ్బసం ఉంటేనే గుండె చూపించుకోమన్నాడు. ఈ అనుమానాన్ని పెద్ద ఎత్తున లెక్కగట్టడం చాలా ఆలస్యంగా మొదలైంది. కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ రికార్డుల్లోంచి ఇరిబారెన్ బృందం 2,03,595 మంది ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళని, అంతే సంఖ్యలో లేనివాళ్ళని పక్కపక్కన పెట్టి 2012లో ఫలితం ప్రకటించింది. గుండె రక్తనాళాల జబ్బు ముప్పు 1.4 రెట్లు, పక్షవాతం లాంటివి 1.2 రెట్లు, హార్ట్ ఫెయిల్యూర్ రెండు రెట్ల పైన. 2015లో మెసా అనే ఇంకో అమెరికా అధ్యయనంలో, రోజూ మందు వాడాల్సినంత ఉబ్బసం ఉన్నవాళ్ళకి ముప్పు 1.6 రెట్లని తేలింది. అప్పుడప్పుడూ వచ్చిపోయే ఉబ్బసానికి మాత్రం పెద్ద తేడా కనపడలేదు. 2016లో విస్కాన్సిన్ లెక్క నాకు ఎక్కువ గుచ్చుకుంది. పద్దెనిమిదేళ్ళు దాటాక వచ్చిన ఉబ్బసానికే ముప్పు ఎక్కువ, సుమారు 1.6 రెట్లు. చిన్నప్పటి ఉబ్బసానికి అలా కనపడలేదు. నాన్నకి నలభై దాటాక అని చెప్పాను కదా.

ఇలాంటి అంకెలు చూడగానే కంగారుపడటం మనకి అలవాటు, అందుకని కాస్త నీళ్ళు చల్లాలి. 1.4 రెట్లు అంటే వందలో నలభై మందికి గుండెపోటు అని కాదు. లేనివాళ్ళలో వందకి ఐదుగురికి వస్తే వీళ్ళలో ఏడుగురికి అని. (ఐదు అన్నది లెక్క కోసం నేను వేసుకున్న అంకె.) మెసాలో ఆ 'రోజూ మందు' గుంపు 156 మందే. సిగరెట్, ఊబకాయం, ఆయాసానికి భయపడి నడక మానేయడం, ఇవన్నీ రెండు జబ్బులకీ దారితీస్తాయి, లెక్కల్లో వీటిని పూర్తిగా కడిగేయడం కష్టం. ఉబ్బసం అని రాసుకున్నవాళ్ళలో కొందరిది మొదటి నుంచీ గుండె జబ్బే అయ్యుండొచ్చు, జేమ్స్ హోప్ చెప్పిన రకం.

కైజర్ లెక్కలోనే ఇంకో మెలిక ఉంది. ఉబ్బసం మందులు వాడుతున్నవాళ్ళలోనే ముప్పు పెరిగింది, అందులోనూ స్టెరాయిడ్ మాత్రలు మింగేవాళ్ళలో. జబ్బు ముదిరినవాళ్ళే మందులు వాడతారు కాబట్టి జబ్బుదా తప్పు, మందులదా? 1968లో డాల్ నిలబడ్డ కూడలే ఇది. మధ్యేమార్గంగా ఇప్పుడు బలపడుతున్న వివరణ వాపు. ఊపిరి గొట్టాల్లో ఏళ్ళ తరబడి రగిలే మంట అక్కడితో ఆగదు, రక్తంలోకి దిగి ధమనుల గోడల్ని కూడా రేపుతుందని. కొలెస్ట్రాల్ జోలికి పోకుండా వాపుని మాత్రమే తగ్గించే మందు ఇస్తే గుండెపోట్లు తగ్గుతాయని 2017లో పాల్ రిడ్కర్ గుండె రోగుల మీద చేసిన క్యాంటోస్ ప్రయోగం చూపించింది. వాళ్ళు ఉబ్బసం రోగులని ఎంచుకున్న వాళ్ళు కాదు, కాబట్టి ఇది రుజువు కాదు, ఆనవాలు.

అదే నిజమైతే నీలం ఇన్‌హేలర్ ఒక్కటే కొట్టుకుంటూ బతకడం రెండు విధాలా నష్టం. అది గొట్టాన్ని తెరుస్తుంది గానీ మంటని ఆర్పదు. మంటని ఆర్పే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ 1972 నుంచీ ఉంది. మింగే మాత్ర లాంటిది కాదు, డోసు చాలా తక్కువ. అయినా అలవాటైపోతుందన్న భయంతో మనవాళ్ళు మానేస్తారు. పెద్దవాళ్ళకి నీలం ఇన్‌హేలర్ ఒక్కటే ఇవ్వొద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019లో గానీ చెప్పలేదు. యాభై ఏళ్ళు!

నాన్నకి ఎకో బాగానే వచ్చింది. కొలెస్ట్రాల్ ఎక్కువుంది, దానికో మాత్ర మొదలైంది. స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్‌కి మార్చారు, పుక్కిలించమని అమ్మ వెంటపడుతోంది. దడ దానంతటదే పోయింది. తెల్లకాగితం మీద నేను పెద్ద అక్షరాలతో 'ఉబ్బసం ఉంది' అని రాసి, కింద మందుల పేర్లు వేసి, ఆయన పర్సులో పెట్టాను. ఊపిరికీ గుండెకీ సంబంధం గురించి ఆయనకి ఈ కథంతా చెప్పబోతే జాన్సన్ కత్తి దగ్గర ఆపించేసి, భోజనానికి లే అన్నాడు.

మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడట, చుక్కల మందు రాశారట. "కాగితం చూపించావా?" అంటే, "కళ్ళకి కూడానా?" అన్నాడు. సీసా మీద పేరు ఒక్కో అక్షరమే చదివించుకున్నాను. టిమొలాల్ కాదు. ఇంకోసారి చదవమని, విన్నాక అప్పుడు వేసుకోమన్నాను.